దూరమును గొలుచు కెమెరాలు – మూటి గుణదోషములు



కెమెరాల సంగతి పురుషులకు గావలసినదేగాని గృహిణులమగు మనకేల యని మీలో గొందరనుకొనవచ్చును. అట్టివారికి మొదటనే యొక సంగతి మనవి చేసెదను. 1892లో హైదరాబాదునందు రాజా దీనదయాళుగారు ఘోషాస్త్రీలకొఱకు ప్రత్యేకముగా నొక ఛాయాచిత్రశాలను నెలకొల్పిరి. అందు చిత్రములు దీయు భారమును వహించినది యొక ఆంగ్లవనిత. తరువాత 1913లో జన్మించిన హోమాయి వ్యారవాలాగారు మనదేశమున పత్రికలకు ఫొటోలు దీసిన మొదటి మహిళగా పేరొంది, 2011లో పద్మవిభూషణ బిరుదమును బొందిరి. 1929లో లైకా కెమెరాను జేపట్టిన ఇల్సే బింగ్ అను జర్మను వనితను పారిస్ నగరమువారు ‘లైకా రాణి’ యని కొనియాడిరి. కావున నీ విద్య మనకు పరాయిది కాదు.

నాకీ విషయమున శ్రద్ధ కలుగుటకు గారణము వేఱొకటి. మా మేనమామగారు గోదావరితీరమున నొక చిన్న పట్టణములో ఫొటో స్టూడియో నడపినవారు. ఆయన గతించిన పిమ్మట, గతవేసవిలో అటక సర్దుచు అత్తయ్యగారు నాకొక బిస్కత్తు డబ్బా నిచ్చిరి. అందు మల్లుగుడ్డలో జుట్టిన చిన్న లెన్సు ఒకటి యున్నది. అది రష్యాదేశపు జూపిటర్-8, 50 మిల్లీమీటర్లది. దానితో వచ్చిన జోర్కీ కెమెరా యేనాడో చెడినదట. “ఇది మీ మామయ్య కన్ను, అమ్మాయీ! నీ దగ్గఱ ఉంచుకో” అని అత్తయ్యగారు నా చేతిలో బెట్టిరి.

ఆ మాట నా మనస్సున నాటుకొన్నది. ఏలయన, మా అమ్మగారు ఆయనకు చెల్లెలు. ఆమెకిప్పుడు డెబ్బదియెనిమిదేండ్లు. ఆమె యొక్కతెయే యున్న ఫొటో మాయింట నొక్కటియు లేదు. పెండ్లిండ్ల గుంపు ఫొటోలలో వెనుకవరుసను తలమాత్రము కనబడును. ఫోను నెత్తి యెదుట బట్టితిమా, పైట సవరించుకొని, పెదవులు బిగించి, న్యాయస్థానమున సాక్ష్యమిచ్చుదానివలె నిలుచును. అది మా అమ్మ కాదు. ఈ మధ్య ఆమెకు మఱపు హెచ్చినది. మనుమల పేర్లు తాఱుమాఱగుచున్నవి. ఆమె ఆమెగా నుండగనే యొక్క ముఖచిత్రమైనను దీసికొనవలెనని నాకు ఆరాటము పట్టుకొన్నది.

ఆ లెన్సును బిగించి ఫిలుము లేకుండ చిత్రములు దీయుటకు వీలగు కెమెరా యేదియని నేను విచారింపసాగితిని. బెంగుళూరున నుద్యోగము చేయుచున్న మా తమ్ముని స్నేహితులకడ నట్టి కెమెరాలు మూడు గలవని తెలిసినది. దసరా సెలవులకు బోయినప్పుడు మూటిని చేతబట్టి చూచితిని. చూచి తెలిసికొన్నదానిని, చదివి తెలిసికొన్నదానిని ఇందు పొందుపఱచుచున్నాను.

దూరమును గొలుచు విధము

ఈ జాతిని రేంజ్‌ఫైండరు కెమెరాలందురు. అనగా దూరమును గనిపెట్టునవి. ఒక కన్ను మూసికొని సూదిలో దారమెక్కింప జూడుడు. దారము సూదికి ముందుగనో వెనుకగనో పోవును. రెండుకన్నులు దెఱచినప్పుడే దూరము తెలియును. ఈ కెమెరాకును ముందువైపున నట్టి కన్నులవంటి కిటికీలు రెండు గలవు. ఒకదానినుండి దృశ్యము నేరుగా మనకంటికి వచ్చును. కొంత యెడముగా నున్న రెండవదానినుండి వచ్చిన బొమ్మ, అద్దములచే ద్రిప్పబడి, మొదటి బొమ్మ నడుమ బడును. మనుజుని జూచిన నతనికి నీడవలె మఱొక మనుజుడు పక్కన గనబడును. లెన్సు వలయమును ద్రిప్పుచుండగా నీ జంటబొమ్మలు దగ్గఱకు జరిగి యొక్కటియగును. అవి కలిసిన క్షణమున లెన్సు సరియైన దూరమునకు గుదిరినదన్నమాట.

ఇందొక తిరకాసు గలదు. మనము చూచునది లెన్సుద్వారా కాదు, పక్క కిటికీద్వారా. లెన్సు మూత దీయ మఱచినను దృశ్యము చక్కగా గనబడుచునే యుండును. మా మేనల్లుడు తులసికోటయొద్ద దీపము పెట్టుచుండగా నేను మురిసిపోయి నాలుగు చిత్రములు దీసితిని. నాలుగును అమావాస్య రాత్రులే! తప్పు యంత్రముది గాదు, నాదే. మొదటిసారి పట్టుకొనువారందఱును ఈ పాఠము నిట్లే నేర్చుకొందురని తమ్ముడు నన్నోదార్చెను.

ఆలస్యమునకు గారణము

లైకా సంస్థవారి మొదటి చిన్న కెమెరా 1925లో అంగడికి వచ్చినది. 1954లో వచ్చిన ఎం3 అను కెమెరాతో రేంజ్‌ఫైండరు జాతి పరిపూర్ణరూపమును దాల్చినదందురు. లెన్సులు బిగించుటకు నాడేర్పఱచిన మాదిరియే నేటికిని చెల్లుచున్నది. అయినను 2004 వఱకు ఈ జాతిలో డిజిటల్ కెమెరా యొక్కటియు రాలేదు.

ఏలయన, ఇతర పెద్ద కెమెరాలలోవలె వీనియందు లెన్సు వెనుక అద్దముండదు. అందుచే లెన్సు ఫిలుమునకు మిక్కిలి సమీపమున గూర్చుండును. లైకా ఎం జాతిలో లెన్సు బిగియు వలయమునుండి ఫిలుమునకు గల దూరము 27.8 మిల్లీమీటర్లు మాత్రమే. అందుచే నడుమ గిరణములు నిటారుగా బడినను అంచులయందు ఏటవాలుగా బడును. ఫిలుమునకది పట్టింపులేదు. డిజిటల్ కెమెరాలో ఫిలుమునకు మాఱుగా నుండు సెన్సారను ఫలకముమీది బిందువులో, చిన్న చిన్న బావులవంటివి. నడినెత్తిని సూర్యుడున్నప్పుడు బావి యడుగుదాక వెలుగు దిగును. సాయంసూర్యుని వెలుగు గోడమీదనే నిలిచిపోవును. అట్లే చిత్రపు అంచులు మసకబాఱును. ఈ చిక్కును మూడు కెమెరాలవారు మూడు విధముల నెదుర్కొనిరి.

మొదటిది: ఎప్సన్ ఆర్-డీ1

2004లో దీనిని ప్రకటించినది ఎప్సన్ సంస్థ. దేహమును జేసియిచ్చినది కోసినా సంస్థ. రెండును జపానుదేశమున నాగానో ప్రాంతమునందలివే. కోసినావారి బెస్సా యను ఫిలుము కెమెరా దేహమునే యాధారము చేసికొని, అందు 61 లక్షల బిందువుల సెన్సారు నమర్చిరి. అది పాత ఫిలుము చట్రముకంటె జిన్నది. ఏటవాలు కిరణములు బడు అంచులను వదలివేసి నడిభాగమునే యుపయోగించుకొనుట వీరి యుపాయము. దీనివలన గలుగు నష్టమేమన, 50 మిల్లీమీటర్ల లెన్సు సుమారు 76 మిల్లీమీటర్లదివలె సన్నని దృశ్యమునే చూపును. పెద్దకిటికీకి సగము తెఱ వేసికొని చూచినట్లుండును. ఇంటి వరండా యంతయు గావలెననువారికిది కొఱత. ముఖచిత్రము గోరువారికి మేలు.

దీని సొగసు చెప్పదగినది. ఎప్సన్ సంస్థ సైకో గడియారముల కుటుంబమునకు జెందినది. కెమెరా నెత్తిమీద చిన్న గడియారపు ముఖమువంటిది గలదు. అందు ముండ్లు కదలుచు, ఇంకెన్ని చిత్రములకు జోటున్నదో, విద్యుత్తెంత మిగిలినదో తెలుపును. వెనుకనున్న తెఱను లోపలికి ద్రిప్పి మూసివేయవచ్చును. అప్పుడది అచ్చముగా పాతకాలపు కెమెరాయే. అన్నిటికంటె విచిత్రము, ఫిలుము లేకపోయినను ప్రతిచిత్రమునకు ముందు బొటనవ్రేలితో నొక మీటను లాగవలెను. లాగనిదే షట్టరు సిద్ధము కాదు.

దృశ్యమును జూచు కిటికీ వస్తువులను ఉన్నంత పరిమాణముననే చూపును. అందుచే రెండుకన్నులు దెఱచుకొనియే చిత్రము దీయవచ్చును. ఎడమకంటికి లోకము, కుడికంటికి అదే లోకముపై తేలుచున్న తెల్లని గీతల చట్రము గనబడును. ఇది మిగిలిన రెంటికి లేదు.

రెండవది: లైకా ఎం8

జర్మనీలో సోల్మ్స్ పట్టణమున తయారైన యీ కెమెరా 2006 సెప్టెంబరులో వెలువడినది. సెన్సారు కొడాక్ సంస్థవారిది. 103 లక్షల బిందువులు. కొలత 27కు 18 మిల్లీమీటర్లు. ఎప్సన్‌దానికంటె బెద్దది, ఫిలుముకంటె జిన్నది. 50 మిల్లీమీటర్ల లెన్సు దీనిపై సుమారు 67 మిల్లీమీటర్లదివలె బ్రవర్తించును. అంచులయందలి చిక్కుకు వీరు చేసిన చికిత్స యేమన, సెన్సారుపైనుండు సూక్ష్మకటకములను అంచులకు బోయినకొలది కొంచెము లోపలికి జరిపి, ఏటవాలు వెలుగును బావిలోనికి ద్రోయుట. మఱియు సెన్సారుపై గప్పు గాజుపలకను మిక్కిలి పలుచనచేసి 0.5 మిల్లీమీటరునకు దించిరి.

ఆ పలుచదనమే కొంప ముంచినది. కంటికి గనబడని పరారుణకిరణములను ఆపుట ఆ గాజు పని. పలుచనైన గాజు వానిని సరిగా నాపలేకపోయినది. కృత్రిమపు నూలుతో నేసిన నల్లని వస్త్రములు చిత్రమున వంగపండు వన్నెకు దిరిగినవి. వేలకువేలు పోసి కొనినవారు గగ్గోలు పెట్టగా, సంస్థవారు తప్పొప్పుకొని కొనినవారికి రెండేసి ఫిల్టరుగాజులను ఉచితముగా నిచ్చిరి. లెన్సు ముందు వానిని బిగించుకొనిన దోషము తీఱును. నలుపుతెలుపు చిత్రములే చాలుననువారికి ఈ దోషము బాధింపదు. 2008లో ఎం8.2 అను మెఱుగైన రూపము వచ్చినది; షట్టరు శబ్దము తగ్గినది.

మూడవది: లైకా ఎం9

2009 సెప్టెంబరు 9వ తేదీన ఎం9 వెలువడినది. ఫిలుము చట్రమంతటి సెన్సారుతో వచ్చిన మొదటి డిజిటల్ రేంజ్‌ఫైండరిదియే. 180 లక్షల బిందువులు. 36కు 24 మిల్లీమీటర్లు. దీనిపై 50 మిల్లీమీటర్ల లెన్సు 50గనే యుండును. పాతలెన్సులకు వాని జన్మహక్కు మరల దక్కినదనవచ్చును. వస్త్రముల రంగు మాఱు దోషమును చాలవఱకు నివారించిరి. దీని రంగుల పుష్టిని మెచ్చుకొనువారు నేటికిని గలరు.

కాని యొక రోగము గాజుపలకలోనే దాగియున్నది. కాలక్రమమున తేమవలన ఆ గాజు పైపూత చెడి తినివేయబడి, చిత్రములపై చుక్కలు చుక్కలుగా మచ్చలు దోచెను. 2014లో సంస్థవారు దీనినంగీకరించి, చెడిన సెన్సారులను ఉచితముగా మార్చిరి; తరువాత క్రొత్తరకపు గాజుగలవానిని బిగించిరి. ఆ యుచితసేవ కొన్నేండ్లకు ముగిసినది.

మావారి లెక్కలు

మావారు బడిలో గణితోపాధ్యాయులు. ఆయన రెండు ప్రశ్నలడిగిరి. మొదటిది: “రెండు కిటికీల యెడమెంత? యెడము పెరిగినకొలది దూరమును గొలుచుట ఖచ్చితము గావలెను గదా!” నిజమే. లైకాలలో కిటికీల యెడము 69.25 మిల్లీమీటర్లు, దృశ్యము 0.68 వంతుకు జిన్నదై కనబడును. రెంటిని గుణించిన 47.1 వచ్చును. ఎప్సన్‌లో యెడము 38.2 మిల్లీమీటర్లు మాత్రమే. దృశ్యము తగ్గకుండ గనబడుటచే ఆ 38.2 అట్లే నిలుచును. కావున దూరనిర్ణయమున లైకాలే మిన్న. పొడవైన లెన్సులు వాడువారికీ భేదము తెలియును. 50 మిల్లీమీటర్లవఱకు ఎప్సన్ లోటు చేయదు.

రెండవ ప్రశ్న గట్టిది. “61 లక్షల బిందువులు! అమ్మాయి ఫోనులో అంతకు ఎన్నోరెట్లున్నవి. చీకటిలో ఆ ఫోనే మేలుగా దీయును. మఱి యీ పాతసామానుపై చీటీడబ్బు పెట్టుట యేమి వివేకము?” ఆ చీటీసొమ్ము మా అమ్మాయి కళాశాల రుసుమునకై కూడబెట్టినది. నేను వెంటనే బదులు చెప్పలేకపోయితిని. చీకటి మాట యథార్థము. ఈ మూడు కెమెరాలును మందమైన వెలుగులో బొమ్మను గరకుగా జేయును. బిందువుల మాటకు మాత్రము ఆయన గణితమే సమాధానమిచ్చెను. ఎప్సన్ చిత్రపు పొడవున 3,008 బిందువులు. అంగుళమునకు 300 చొప్పున అచ్చొత్తించిన 10 అంగుళముల చిత్రము వచ్చును. గోడమీద వ్రేలాడదీయుటకంతకంటె నేల?

ధరలయందును తారతమ్యము గలదు. క్రొత్తగా వచ్చిన దినములలో ఎప్సన్ సుమారు 3,000 డాలర్లు, ఎం8 సుమారు 4,800, ఎం9 సుమారు 7,000. ఇప్పుడు మూడును చేతులుమాఱిన సరకే. పాతవైనను వీనికి గిరాకి తగ్గలేదు.

పదిదినముల అతిథి

నా సందేహము నెఱిగి మా తమ్ముని స్నేహితుడు తన ఎప్సన్ కెమెరాను పదిదినములు వాడుకొమ్మని యిచ్చెను. మామయ్యగారి లెన్సుకు మరచుట్లు గలవు. క్రొత్తపద్ధతి కెమెరాకు బిగియుటకు నడుమ నొక పలుచని వలయము గావలెను. దాని మందము 1 మిల్లీమీటరు. ఆ యొక్క మిల్లీమీటరుతో రెండు కాలములకు వియ్యము గుదిరినది. రష్యా లెన్సులు ఇట్టి కెమెరాలపై సమీపదూరమున కొంచెము గుఱి దప్పుననుట కద్దు. అందుచే లెన్సు కన్నును 5.6 వఱకు సన్నగించి, వెలుగున్నచోటనే తీయ నిశ్చయించుకొంటిని.

ఒకనాటి యుదయమున అమ్మ పెరటి అరుగుపై గూర్చుండి చింతపండు గింజ దీయుచున్నది. వేపచెట్టు నీడ సగముముఖముపై బడినది. నేను మీటను లాగితిని. ‘కరకర’మను ఆ చిన్న శబ్దమునకు అమ్మ చేయి ఆగినది. తలయెత్తి, “అన్నయ్య కెమెరా చప్పుడులాగున్నదే!” అన్నది. ఆ మాసమంతయు మనుమరాలి పేరు నోట రాని మా అమ్మ, మామయ్యగారు కెమెరా కొనితెచ్చిన దినమును, ఆనాడు తాను గట్టుకొన్న చీర రంగును వరుసగా జెప్పసాగినది. నేను జంటబొమ్మలను గలిపి మీట నొక్కితిని. పైట సవరించుకొనుటకు ఆమెకు స్మరణయే లేదు.

ఆ చిత్రము నచ్చువేయించి యింట బెట్టగా మావారు చాలసేపు చూచి, “చీటీడబ్బు తీసికొమ్ము, కెమెరా కొందము” అనిరి. ఈసారి వలదన్నది నేనే. రెండుదశాబ్దములు దాటిన యంత్రము. అందలి సెన్సారు చెడినయెడల మార్చుటకు క్రొత్తది దొరకదు. అట్టిదానికై అమ్మాయి చదువును పందెమొడ్డుట న్యాయము కాదు. కెమెరాను పదవదినమున కృతజ్ఞతతో దిరిగి యిచ్చివేసితిమి. ఆలోచించి చూడగా, 2004లోను 2009లోను తలమానికములైన సెన్సారులు అప్పుడే ముదిసినవి. అంతకు ముందుతరమునాటి గాజు లెన్సుమాత్రము చెక్కుచెదరక చూచుచున్నది. అది మల్లుగుడ్డలో మాయింటనే యున్నది.

కొనదలచిన సోదరీమణులకు

నాకంటె స్తోమతుగలిగి, వీనిలో నొకదానిని గొనదలచువారు ఈ క్రిందివి గమనింతురుగాక.

ముఖచిత్రములపై మక్కువ, ఓపిక గలవారికి ఎప్సన్ తగును. కొనకముందు దూరపు చెట్టుకొమ్మను, దగ్గఱనున్న యక్షరములను జూచి జంటబొమ్మలు సరిగా గలియుచున్నవో లేదో పరీక్షింపవలెను. కుదుపులకు ఆ యమరిక దప్పుట కలదు.

నలుపుతెలుపు చిత్రములు ప్రియమైనవారికి ఎం8 మేలు. రంగులు గావలెనన్న లెన్సు కొలతకు దగిన ఫిల్టరుగాజు కూడ నున్నదేమో యడుగవలెను.

ఉన్నలెన్సులను పూర్ణదృష్టితో వాడగోరువారికి ఎం9 ఉత్తమము. కాని సెన్సారు మార్చబడినదా, మార్చిన క్రొత్తరకపు గాజుదేనా యని కాగితములు చూచినగాని కొనరాదు. లెన్సు కన్నును 16 వఱకు సన్నగించి తేటయాకాశమును దీసి చూచినయెడల మచ్చలు బయటపడును. దుమ్ముచుక్కలు తుడిచిన బోవును. తినివేయబడిన గాజు మచ్చలు పోవు.

మూటికిని సామాన్యమైన మాట యొకటి. మన సముద్రతీరపు జిల్లాలలో తేమ హెచ్చు. తోలుసంచిలో నుంచి బీరువాలో మూసిపెట్టిన లెన్సునకు బూజు పట్టును. మూత గట్టిగా బిగియు డబ్బాలో తేమనుబీల్చు సిలికా పొట్లములతో నుంచి, నెలకొకసారి వెలుగునకు దీయవలెను.

కడపటి మనవి. ఎట్టి కెమెరాయైనను, ఫోనైనను సరే, మీయింటి పెద్దవారి చిత్రమును వారు పనిలో నున్నప్పుడు దీయుడు. పండుగనాటి పట్టుచీరలో గాదు. నిత్యము గూర్చుండు అరుగుమీద, నిత్యము చేయు పనిలో. ఆలస్యము చేయకుడు.